ముడతల కోసం హార్మోనులా?

డునెడిన్‌లోని మన తెలుగు కుటుంబాలలో యాభైయవ పడికి చేరిన స్త్రీలు ఇప్పుడు కొద్దిమంది కారు. భర్త చదువు కోసమో, తమ ఉద్యోగం కోసమో యౌవనంలో ఈ దక్షిణపు ఒడ్డుకు వచ్చినవారికి పిల్లలు ఎదిగి ఆక్లండ్‌కో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయే వేళకు ఋతువిరతి దశ ఎదురవుతున్నది. పేరంటాలలోనూ ఉగాది కూడికలలోనూ మగవారి చెవిన పడకుండా సాగే సంభాషణలలో ఒక ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది: “హార్మోను పట్టీ వేసుకుంటే చర్మం మళ్ళీ బిగుస్తుందట, ముడతలు పోతాయట, నిజమేనా వదినా?” వదినగారికి తెలిసినంత ఆవిడ చెబుతుంది. ఆ చెప్పినదానిలో సగం నిజం, సగం అంగడి ప్రచారం.

ఈ విషయమై నా అభిప్రాయం మొదటే చెప్పుకొంటాను. ముఖ సౌందర్యం నిమిత్తమే హార్మోను చికిత్సకు పూనుకోవడం తగదు. కాని హార్మోనులన్న మాట వినగానే హడలిపోయి, నిజంగా అవసరమున్న స్త్రీలు వాటికి దూరంగా ఉండడం అంతకన్న ఎక్కువ నష్టదాయకం. మన సమాజంలో ఈ రెండూ ఏకకాలంలో జరుగుతున్నాయి. అక్కరలేనివారు ఆశపడుతున్నారు, అక్కర ఉన్నవారు భయపడుతున్నారు.

‘మెనోపాజ్’కు మన పత్రికలు ‘ఋతువిరతి’ అని సంస్కృతపు పేరు పెట్టాయి గాని, మన అమ్మమ్మలు ‘ముట్లుడిగాయి’ అని ఊరుకొనేవారు. పన్నెండు నెలలపాటు ఋతుస్రావం కనిపించకపోతే, ఆ చివరి ముట్టునే ఋతువిరతిగా లెక్కిస్తారు. న్యూజిలాండ్ వంటి దేశాలలో ఇది సగటున 51 ఏళ్ళ ప్రాంతంలో వస్తుండగా, భారతదేశంలో 46, 47 ఏళ్ళకే వస్తున్నది. ఆచారం బిగువుగా సాగిన ఇళ్ళలో నెలకు మూడురోజులు మూల కూర్చున్న స్త్రీకి ముట్లుడగడమంటే ఒక విధమైన విడుదల. మడికీ, పూజకూ, తీర్థయాత్రకూ ఇక పంచాంగంతోపాటు మరో లెక్క చూసుకోనక్కరలేదు. ఆ ఆచారాన్ని నేను సమర్థించడం లేదు. అయితే ఆ దశను రోగమని ఎవరూ అనలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది.

రోగమన్నది ఇరవయ్యవ శతాబ్దపు అమెరికా. 1942లో అక్కడ ‘ప్రెమారిన్’ అనే మాత్ర అంగడికి వచ్చింది. చూడి గుర్రాల మూత్రం నుండి తీసిన ఈస్ట్రోజెన్లు అందులోని సరుకు. ‘ప్రెగ్నెంట్ మేర్స్ యూరిన్’ అన్న మాటల ముక్కలను అతికించగా ఏర్పడినదే ఆ పేరు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్కు వైద్యుడు ‘ఫెమినైన్ ఫరెవర్’ అనే పుస్తకం వ్రాసి, ఋతువిరతి ఒక లోపవ్యాధి అనీ, ఈస్ట్రోజెన్ తీసుకొన్న స్త్రీ చిరకాలం యౌవనవతిగా ఉంటుందనీ ఊదరగొట్టాడు. ఆయన పనికి మందుల కంపెనీల ధనసహాయం ఉన్నదని తరువాత బయటపడింది. చర్మానికీ హార్మోనుకూ ప్రజల మనస్సులో ముడి పడింది అప్పుడే. 1975లో, ఒక్క ఈస్ట్రోజెన్‌నే వాడేవారిలో గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సరు అధికమవుతున్నదని పరిశోధనలు వెల్లడించాయి. అప్పటినుండి గర్భాశయం ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టెరోన్ జాతి మందును కూడా చేర్చి ఇవ్వడం పద్ధతి అయింది.

విల్సన్ ప్రచారాన్ని పక్కన పెట్టి శాస్త్రాన్ని చూద్దాం. అందులో నిజం లేకపోలేదు.

చర్మ కణాలలో ఈస్ట్రోజెన్‌ను పట్టుకొనే గ్రాహకాలు ఉన్నాయి. పైకి కనిపించే బాహ్యచర్మం పలుచని పొర. దానికింద ఉండే అంతశ్చర్మంలో కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు పోగులుగా అల్లుకొని ఉంటుంది. నులకమంచాన్ని తలచుకోండి. కొత్తగా అల్లినప్పుడు బిగువుగా ఉంటుంది. నులక నాని, అరిగి, తెగుతున్నకొద్దీ నడుమ కుంగుతుంది. చర్మానికి నులక వంటిది కొలాజెన్. ఆ పోగులను పేనే కణాలకు పని చెప్పేవాటిలో ఈస్ట్రోజెన్ ఒకటి. చర్మంలో నీటిని పట్టి ఉంచే పదార్థాల తయారీకీ, నూనె గ్రంథుల పనికీ కూడా అది తోడ్పడుతుంది. కనుక అండాశయాలు విశ్రమించగానే చర్మం పలుచబడడం, ఎండిపోవడం, దురదపెట్టడం, గాయాలు నెమ్మదిగా మానడం ఊహాకల్పితాలు కావు. గడ్డం మీద నాలుగు వెంట్రుకలు మొలవడం కూడా ఈ సంసారంలోనిదే. స్త్రీ శరీరంలో ఎప్పుడూ కొద్దిగా ఉండే పురుష హార్మోనులకు ఎదురు లేకుండా పోవడం దానికి కారణం.

ఎముకలు గుల్లబారిన స్త్రీలకు చర్మం కూడా పలుచగా ఉంటున్నదని అమెరికన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే గమనించాడు. ఆ గమనికను 1980లలో లండన్‌లో మార్క్ బ్రిన్‌కాట్, ఆయన సహచరులు కొలతలలోకి దించారు. ఋతువిరతి తరువాతి మొదటి అయిదేళ్ళలో చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. ఆపైన ఏడాదికి రమారమి 2 శాతం చొప్పున తరుగుతూ పోతుంది. ఈ తరుగుదల స్త్రీ వయస్సును బట్టి కాక, ముట్లుడిగి ఎన్నేళ్ళయిందన్నదానిని బట్టి సాగుతున్నదని వారు చూపించారు. నలభైకే ముట్లుడిగిన స్త్రీ చర్మం యాభైకి ఉడిగిన స్త్రీ చర్మం కన్న పదేళ్ళు ముందుగా పలుచబడుతుందన్నమాట. ఈ సంగతితో మరల పని పడుతుంది.

తరిగిపోయినదానిని హార్మోను తిరిగి తెస్తుందా? ఇక్కడే వాదం మొదలవుతుంది. 1997లో అమెరికాలో జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 3,875 మంది ఋతువిరతి దాటిన స్త్రీల వివరాలను పరిశీలించగా, ఈస్ట్రోజెన్ వాడినవారిలో ముడతలు పడే అవకాశం సుమారు మూడోవంతు, చర్మం ఎండిపోయే అవకాశం సుమారు నాలుగోవంతు తక్కువగా కనిపించింది. ఆ కాలంలో పత్రికలు ఎత్తుకొన్న వార్త ఇటువంటిదే. కాని ఇది ఎవరు వాడుతున్నారో, ఎవరు వాడడం లేదో చూసి చెప్పిన లెక్క. ఖరీదైన మందును ఏళ్ళ తరబడి వాడగలిగిన స్త్రీకి మంచి తిండీ, నీడపట్టు జీవితమూ, తరచు వైద్యుని దర్శనమూ కూడా దొరుకుతాయి. ఎన్ని సవరణలు చేసినా అటువంటి తేడాలను లెక్క నుండి పూర్తిగా తీసివేయడం కష్టం.

దానికి మందు చీటీ పందెమే. కొందరికి మందు, కొందరికి మందులేని మాత్ర ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ఉంచి కొలవాలి. అటువంటి పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. 485 మంది స్త్రీలకు 48 వారాలపాటు తక్కువ మోతాదు హార్మోనులో, ఉత్తి మాత్రలో ఇచ్చి చూస్తే ముఖంలోని ముడతలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. చాలా ఆలస్యంగా మొదలుపెట్టారేమో, ఇంకా ముందే ఇచ్చి ఉంటే బాగుండేదేమో అన్నవారికి 2016లో మరొక జవాబు దొరికింది. ‘కీప్స్’ అనే అమెరికన్ పరీక్షలో ముట్లుడిగి మూడేళ్ళు దాటని స్త్రీలకే నాలుగేళ్ళపాటు హార్మోనులు ఇచ్చారు. ముఖంలో పదకొండు చోట్ల ముడతలను లెక్కించారు. మందు వాడినవారికీ వాడనివారికీ తేడా లేదు. నల్లజాతి స్త్రీలకు తెల్లజాతి స్త్రీలకన్న ముడతలు తక్కువగా ఉండడం మాత్రం స్పష్టంగా కనిపించింది. ముడతల విషయంలో పుట్టుకతో వచ్చిన రంగు చేసినంత పనిని మాత్ర చేయలేదు!

హార్మోను వాడితే చర్మపు మందమూ కొలాజెనూ పెరిగాయని చూపిన చిన్న పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటిని నేను కొట్టిపారేయడం లేదు. వృద్ధులకు గాయాలు మానడాన్ని ఈస్ట్రోజెన్ త్వరపరుస్తుందని 1997లో మాంచెస్టరు పరిశోధకులు చూపించారు. అది విలువైన విషయం. నేననేది ఇంతే. యంత్రం కొలిచిన మిల్లీమీటరులో వందోవంతు వేరు, అద్దంలో కనబడే ముఖం వేరు. మొదటిది పెరిగినంతమాత్రాన రెండోది మారుతుందన్న హామీ లేదు.

ఎందుకు మారదన్న ప్రశ్నకు 2008లోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన ఒక సమాధానం ఇచ్చింది. డునెడిన్ వాసులు దీనిని రెండుసార్లు చదువుకోదగును. వృద్ధుల చర్మానికి ఈస్ట్రోజెన్ లేపనాన్ని రెండు వారాలు పూశారు. ఏనాడూ ఎండ సోకని తుంటి భాగంలో కొలాజెన్ తయారీ పెరిగింది. ఏళ్ళ తరబడి ఎండ తిన్న ముఖంలోనూ ముంజేతిలోనూ పెరగలేదు. గ్రాహకాలు రెండు చోట్లా ఉన్నాయి, మందు రెండు చోట్లా చేరింది. అయినా ఎండకు చెడిన చర్మం ఆ మాట వినలేదు. ఏ ముఖం కోసం మందు వాడదలచామో ఆ ముఖానికే అది అందదు. ఎవరూ చూడని చోట అందుతుంది. విధి చమత్కారం అంటే ఇదే కాబోలు.

ఇక మన ఊరి ఎండ సంగతి. డునెడిన్ చలి ప్రదేశమనీ, విజయవాడ ఎండను చూసినవారికి ఇదొక ఎండా అనీ మనవారు తేలికగా అంటారు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాల తీక్ష్ణత వేరు. సెంట్రల్ ఒటాగోలోని లాడర్ అనే చోట ఉన్న పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి ఈ కిరణాలను కొలిచారు. ఉత్తరార్ధగోళంలో ఇదే అక్షాంశంలో ఉండే ప్రదేశాలతో పోలిస్తే న్యూజిలాండ్ వేసవిలో వీటి గరిష్ఠ తీవ్రత దాదాపు 40 శాతం ఎక్కువ. గాలి నిర్మలంగా ఉండడం, పైనున్న ఓజోన్ పలుచగా ఉండడం, ఈ గోళపు వేసవిలోనే భూమి సూర్యునికి దగ్గరగా రావడం అందుకు కారణాలు. చర్మానికి వచ్చే మెలనోమా క్యాన్సరు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాలలో న్యూజిలాండ్ ఒకటి. అది ప్రధానంగా తెల్లవారి సమస్యే, నిజమే. కాని కొలాజెన్ పోగులను తెంచే పనిలో ఆ కిరణాలు జాతి అడగవు; నల్లని చర్మంలో ఆ పని కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే.

దీనికి విరుగుడు మన పొరుగుననే రుజువయింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు నంబూర్ పట్టణంలో 1992 నుండి 1996 దాకా 55 ఏళ్ళలోపు వయసున్న 903 మందిని చీటీ పందెంతో రెండుగా విభజించారు. ఒక జట్టువారు ప్రతిరోజూ సన్‌స్క్రీన్ పూసుకోవాలి. రెండవ జట్టువారు తమ ఇష్టానుసారం. 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం, రోజూ పూసుకొన్నవారి చర్మం నాలుగున్నరేళ్ళలో 24 శాతం తక్కువగా ముదిరింది. హార్మోను మాత్ర సాధించలేనిదానిని సూపర్‌మార్కెట్టులో దొరికే సీసా సాధించింది! ఈ మాట చెబితే మన పేరంటాలలో ఎవరికీ రుచించదు. మందు చీటీ మీద వచ్చేదానికున్న గౌరవం సీసాకు లేదు.

డునెడిన్ పేరెత్తాక ఇక్కడి ప్రసిద్ధ పరిశోధనను విడిచిపెట్టలేము. 1972 ఏప్రిల్ మొదలు 1973 మార్చి ఆఖరు వరకు ఈ ఊళ్ళో పుట్టిన 1,037 మంది శిశువులను ఒటాగో విశ్వవిద్యాలయం ఇప్పటికీ వెంటాడి పరీక్షిస్తున్నది. ఇంతకాలం ఇంత శ్రద్ధగా సాగిన పరిశోధనలు ప్రపంచంలో అరుదు. వారికి 38 ఏళ్ళ వయసు వచ్చినప్పుడు గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, రక్తం మొదలైనవాటిని కొలిచి ఒక్కొక్కరి శరీరం నిజానికి ఎంత ముదిరిందో లెక్క వేశారు. అందరూ 38 ఏళ్ళవారే అయినా, కొందరి శరీరం 28 ఏళ్ళదిగా ఉంటే మరి కొందరిది 61 ఏళ్ళదిగా ఉన్నది. వారి ఛాయాచిత్రాలను అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు చూపగా, లోపల ఎక్కువ ముదిరినవారిని వారు ముఖం చూసే పెద్దవారుగా గుర్తించారు. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఆ తరువాత 45 ఏళ్ళ వయసులో చేసిన పరీక్షలలోనూ ఈ పొంతన కనిపించింది.

ముఖం లోపలి సంగతుల చిరునామా అని నాకు దీనినుండి అర్థమయింది. రక్తపోటు, చక్కెర, నిద్రలేమి, వ్యాయామం లేకపోవడం ముఖం మీద సంతకం చేస్తాయి. ఆ సంతకాన్ని మాత్రమే తుడవాలనుకొంటే పని జరగదు. ఆ శిశువులలో ఉన్న స్త్రీలు ఇప్పుడు యాభై దాటి, ఈ వ్యాసం చర్చిస్తున్న దశలోనే ఉన్నారు. వారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు కనుక వారి కొలతలన్నీ మనకు యథాతథంగా వర్తిస్తాయనలేము. అయినా ఈ ఊరి స్త్రీల శరీరాలే ప్రపంచానికి పాఠం చెబుతున్నప్పుడు, ఇదే ఊరిలో ఉండే మనం ఆ పాఠాన్ని ఎక్కడో కొనుక్కొన్న పత్రికలోని ప్రకటన కన్న ముందు చదవాలి కదా!

మన చర్మానికి ముడతలకన్న పెద్ద బెడద మచ్చలు. బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద గోధుమరంగులో వచ్చే మచ్చలను మనం ‘మంగు’ అంటాము. గర్భిణులకూ గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ ఇది రావడం అందరూ ఎరిగినదే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్‌లూ ఎండా కలిసి రంగు కణాలను రెచ్చగొట్టడమే దానికి మూలం. హార్మోను చికిత్సలోనూ మంగు వచ్చే, ఉన్నది ముదిరే అవకాశం ఉన్నది. అంటే తెల్లవారి చర్మానికి ఊహించిన లాభం మన చర్మానికి నష్టంగా తిరగబడవచ్చు. పూర్వం గర్భిణిగా ఉన్నప్పుడు మంగు వచ్చినవారు ఈ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. దానితోపాటు మరో చిక్కు. జూన్ మాసంలో డునెడిన్‌లో మధ్యాహ్న సూర్యుడు కూడా దిగంతానికి సుమారు ఇరవై డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ నెలల్లో మన నల్లని చర్మం డి విటమినును దాదాపు తయారుచేసుకోలేదు. ఎముకలు గుల్లబారే వయసులో ఇది చిన్న లోపం కాదు. వేసవిలో ఎండ నుండి కాపాడుకొంటూ, శీతాకాలంలో డి విటమిను గురించి వైద్యుని అడగడం ఇక్కడి తెలుగు స్త్రీకి తగిన జాగ్రత్త.

ఇక భయం సంగతి. 2002 జులైలో అమెరికాలోని ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే మహాపరీక్షలో 16,608 మంది స్త్రీలు పాల్గొన్న భాగాన్ని అర్ధాంతరంగా ఆపివేశారు. రెండు హార్మోనులూ కలిపి వాడిన పదివేల మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు, 7 గుండె జబ్బులు, 8 ఊపిరితిత్తుల రక్తపు గడ్డలు అదనంగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం 5, పెద్దప్రేగు క్యాన్సరు 6 తగ్గాయి. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలతోపాటు న్యూజిలాండ్ స్త్రీలు కూడా చేరిన ‘విజ్‌డమ్’ అనే పరీక్ష 1999లో మొదలై, 5,692 మందిని చేర్చుకొన్నాక, ఆ వార్తతోనే 2002లో నిలిచిపోయింది. ప్రపంచమంతటా స్త్రీలు మాత్రలు పారవేశారు.

ఆ అంకెలను నిదానంగా చూడండి. ఆ స్త్రీల సగటు వయసు 63. ముట్లుడిగి పదేళ్ళు దాటినవారే ఎక్కువమంది. మాత్ర కూడా పాతకాలపు గుర్రపు ఈస్ట్రోజెన్‌తో చేసినది. అరవై లోపు వయసులో, ముట్లుడిగి పదేళ్ళు గడవకముందు, ఆవిర్లతోనూ రాత్రి చెమటలతోనూ నిద్రలేక బాధపడే స్త్రీకి, వేరే అడ్డంకులు లేనప్పుడు, లాభమే ఎక్కువన్నది ఇప్పటి వైద్య సంఘాల మాట. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద రెండు దశాబ్దాలుగా ఉన్న నల్లపెట్టె హెచ్చరికలలో చాలావాటిని తొలగింపజేస్తామని ప్రకటించింది. అలాగని రొమ్ము క్యాన్సరు వచ్చినవారికీ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవారికీ ఇది ఆటవస్తువు కాదు. పదివేలకు ఎనిమిది అన్న అంకె ఆవిర్లతో నలిగిపోయే స్త్రీకి చిన్నది. నుదుటి మీద గీత కోసం మాత్ర మింగే స్త్రీకి పెద్దది. అపాయం ఒకటే అయినా, దేనికోసమన్నది మారితే తూకం మారుతుంది. ఈ వ్యాసంలో నేను నొక్కి చెప్పదలచిన మాట ఇదే.

మన ఆంధ్ర, తెలంగాణలకు వస్తే నా మనస్సు నిజంగా కలత చెందుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. ఆ శస్త్రచికిత్స నాటి వయసు దేశంలో సగంమందికి 34 ఏళ్ళలోపే. వారిలో అండాశయాలు కూడా పోగొట్టుకొన్నవారికి ముప్ఫైలలోనే ఒక్కరోజులో ముట్లుడిగిపోయినట్లు. బ్రిన్‌కాట్ లెక్క జ్ఞాపకం చేసుకోండి: కొలాజెన్ తరుగుదల గడియారం ఆ శస్త్రచికిత్స బల్ల మీదనే మొదలవుతుంది, ఎముకలదీ అంతే. సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోనులు తీసుకోవలసినది మొట్టమొదట వీరే; వేరే అడ్డంకులు లేకుంటే తీసుకోవాలనే వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. గర్భాశయం లేదు కనుక వీరికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. 2002లో అంతటి భయాన్ని పుట్టించిన అమెరికా పరీక్షలో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారికి రొమ్ము క్యాన్సరు పెరగలేదు కూడా. అయినా పొలం పనిచేసే ఆ తల్లికి ఎండలో వాడిన చర్మమూ, నడుము నొప్పీ తప్ప మందు చీటీ దొరకడం అరుదు. అదే కాలంలో నగరాలలో స్థితిపరురాలికి ‘యాంటీ ఏజింగ్’ పేరిట హార్మోను అమ్మజూపుతున్నారు. చర్మం గురించి మాట్లాడవలసి వస్తే ఆ పొలంలోని తల్లి చర్మం గురించి ముందు మాట్లాడాలి.

డునెడిన్‌లో ఉన్న మనకు ఈ ముచ్చట దూరపుది కాదు. ఊరి నుండి వచ్చి ఆరునెలలు మన ఇంట ఉండే అమ్మనో, అత్తగారినో, పెద్దమ్మనో ఒక్కమాట అడిగి చూడండి. పెద్ద ఆపరేషన్ ఎప్పుడైందో చెబుతారు. అండాశయాలు ఉంచారో తీశారో చాలామందికి తెలియదు. కాగితాలు కూడా ఉండవు.

ఈస్ట్రోజెన్ లాభం నిస్సందేహంగా రుజువైన చర్మభాగం ఒకటున్నది. దానిని గురించి ఏ పేరంటంలోనూ ఎవరూ పలకరు. ముట్లుడిగిన తరువాత మర్మస్థానంలో పొరలు పలుచబడి, ఎండి, మంటపెట్టి, దాంపత్యానికి ఆటంకమై, మాటిమాటికి మూత్రంలో చీము పట్టడం ఎందరో మౌనంగా భరించే బాధ. అక్కడ కొద్ది మోతాదులో వాడే ఈస్ట్రియాల్ క్రీము ఆ బాధను తీరుస్తుంది. రక్తంలోకి చేరేది అత్యల్పం. 1993లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రకటించిన పరీక్షలో, మూత్రాశయ రోగం తిరగబెట్టే స్త్రీలకు ఆ క్రీము వాడితే ఏడాదికి సగటున ఆరుసార్లు వచ్చే జబ్బు ఏడాదికి సగం సారికి దిగింది. ముఖానికి పనిచేయని మందు కోసం ఆరాటపడి, పనిచేసే మందును సిగ్గుతో వదులుకోవడమే మన తీరు.

హార్మోను చికిత్స నిజంగా అవసరమైతే ఈ దేశంలో సౌకర్యం కొరత లేదు. మాత్రకన్న చర్మం మీద అతికించే పట్టీకే ఇప్పుడు మొగ్గు. చర్మం ద్వారా నేరుగా రక్తంలోకి చేరుతుంది కనుక, కాలేయాన్ని ముందుగా తాకదు. రక్తం గడ్డకట్టే భయం తక్కువ. 2024 నుండి ఈస్ట్రోజెన్ జెల్‌కు కూడా ప్రభుత్వ ఔషధ సంస్థ ఫార్మాక్ డబ్బు కడుతున్నది. అదే ఏడాది నవంబరులో ఒకే కంపెనీ పట్టీలకు పరిమితమవుతామని ఫార్మాక్ ప్రకటించగా, ఆ పట్టీ సరిగా అతకదనీ చర్మం దద్దురు పడుతుందనీ స్త్రీలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2025లో ఆ నిర్ణయం వెనక్కు పోయింది. హార్మోను వల్ల చర్మానికి వచ్చే నిత్యసమస్య ఏదయ్యా అంటే, చాలామందికి పట్టీ జిగురు దురదే! నడుము కిందనే అతికించాలి, ప్రతిసారీ చోటు మార్చాలి, రొమ్ము మీద ఎన్నడూ అతికించరాదు.

వైద్యుని గదిలో ఏం జరుగుతుందన్నది నాకు ఇంతకన్న ముఖ్యం. 1987లో ఆక్లండ్ నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో స్త్రీలకు తెలియకుండా వారిమీద సాగిన పరిశోధన బయటపడి, న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిగింది. దాని ఫలితంగా 1996లో రోగుల హక్కుల నియమావళి అమలులోకి వచ్చింది. పూర్తి వివరం తెలుసుకొనే హక్కు, తెలిసి ఒప్పుకొనే హక్కుతోపాటు, అవసరమై ఆచరణసాధ్యమైన చోట సమర్థుడైన దుబాసీని పొందే హక్కు కూడా అందులో ఉన్నది. మనవారు దీనిని వాడుకోవడం చాలా అరుదు. ఇంగ్లీషు తడబడే పెద్దావిడ పక్కన కొడుకు కూర్చుంటాడు. తల్లి ‘ఒళ్ళంతా ఆవిర్లు, కింద మంట’ అని చెప్పలేక ‘ముఖం వాడిపోతోంది’ అంటుంది. కొడుకు దానినే ఇంగ్లీషు చేస్తాడు. వైద్యురాలు ముఖం గురించి జవాబు చెబుతుంది. అపాయింటుమెంటు తీసుకొనేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని, అదీ స్త్రీ అయితే మేలని చెప్పండి. కొడుకును బయట కుర్చీలో కూర్చోమనండి. శస్త్రచికిత్స ఎప్పుడైంది, మంగు ఎప్పుడు వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తున్నది, మూత్రంలో మంట ఉందా అన్నవి తెలుగులోనే ఒక కాగితం మీద వ్రాసుకొని, ఆ కాగితాన్ని లోపలికి తీసుకువెళ్ళండి.